బోర్డు కట్టకముందే కాగితాలు: మధ్యవర్తి లేకుండా ఇల్లు అమ్ముకునేవారి కోసం ఒక ప్రసంగం

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, మూడు దశాబ్దాలకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో బల్లకు ఇవతలి వైపు కూర్చున్నాను. ఉద్యోగ విరమణ తర్వాత హైదరాబాదులోని నా సొంత ఫ్లాటును మధ్యవర్తి లేకుండా అమ్ముకున్నప్పుడు అదే బల్లకు అవతలి వైపు నిలబడ్డాను. ఈ కాలనీలో కొందరు తమ ఇళ్లు తామే అమ్ముకోవాలనుకుంటున్నారని, కాగితాల విషయంలో భయపడుతున్నారని గ్రంథాలయ నిర్వాహకులు చెప్పగా, ఆ భయం తీరేంత వివరంగా మాట్లాడాలని వచ్చాను.

నా ఉద్యోగకాలంలో పదేపదే చూసిన దృశ్యం ఒకటి చెబుతాను. డెబ్బై ఏళ్లు దాటిన భార్యాభర్తలు ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని వస్తారు. కొనేవారు సెలవు పెట్టి వచ్చి ఉంటారు, వారికి రుణమిచ్చే బ్యాంకు మనిషి డిమాండ్ డ్రాఫ్టుతో వచ్చి కూర్చుంటాడు, చలానా కట్టేసి ఉంటారు. తీరా దస్తావేజు విప్పి చూస్తే, ఇల్లు ఇద్దరి పేరా ఉన్నట్టు, ఆమె పేరు అందులో పుట్టింటి ఇంటిపేరుతోనూ ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతోనూ ఉన్నట్టు, పన్నెండేళ్ల క్రితం తీర్చేసిన బ్యాంకు తాకట్టు, ఆస్తిపై జరిగిన లావాదేవీలను చూపే ఈసీలో ఇంకా అలాగే కనిపిస్తున్నట్టు బయటపడుతుంది. ఆ రోజు రిజిస్ట్రేషన్ జరగదు. వారిలో మోసగాళ్లు ఎవరూ లేరు. ఆ కాగితాలను ఇరవై ఏళ్లుగా ఎవరూ విప్పి చదవకపోవడమే అక్కడి లోపం.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఇది: అమ్మేవాడి కాగితాల పని రిజిస్ట్రేషన్ రోజున కాదు, గేటుకు 'ఇల్లు అమ్మబడును' అనే బోర్డు కట్టడానికి కనీసం మూడు నెలల ముందు మొదలవుతుంది. ఆ పనిలో ముఖ్యభాగం ఎవరో రాసిపెట్టేది కాదు, మన దస్తావేజును మనం అక్షరం అక్షరం చదువుకోవడం.

మధ్యవర్తి చేసే పని ఏమిటో ముందుగా స్పష్టం చేసుకుందాం. ఆయన కొనేవారిని తీసుకొస్తాడు, ఇల్లు చూపిస్తాడు, ధర దగ్గర ఇరుపక్షాలనూ దగ్గరకు చేరుస్తాడు, దస్తావేజు లేఖరి దగ్గరకు తోడు వస్తాడు. ఆ పనిని నేను తక్కువ చేయను, దానికి ఆయన తీసుకునే కమిషన్‌ను తప్పుపట్టను. అయితే దస్తావేజులో ఆయన సంతకం ఉండదు. అందులోని ప్రతి మాటకూ జవాబుదారీ అమ్మినవారే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను అమ్మేవాడి బాధ్యతలను వరుసగా చెబుతుంది. ఆస్తిలోగాని హక్కులోగాని తనకు తెలిసిన, కొనేవాడు మామూలుగా కనుక్కోలేని లోపాన్ని ముందుగా చెప్పాలి. తన దగ్గరున్న హక్కు పత్రాలను పరిశీలనకు చూపాలి. ఆస్తి గురించీ హక్కు గురించీ అడిగిన ప్రశ్నలకు తనకు తెలిసినంత జవాబు చెప్పాలి. అమ్మకం తేదీ వరకు పన్నులు తానే కట్టాలి. ధర పూర్తిగా ముట్టాక పత్రాలను అప్పగించాలి. మధ్యవర్తి ఉన్నా లేకున్నా ఈ బాధ్యతలు మారవు కాబట్టి, ఆయన లేకపోవడం వల్ల మనపై కొత్తగా పడే చట్టబద్ధమైన భారం ఏదీ లేదు. ఇంతకాలం మనదేనని తెలియక వదిలేసిన భారాన్ని తెలిసి మోస్తాం, అంతే తేడా.

ఇక దస్తావేజు దగ్గరకు వద్దాం. ఇంటికి వెళ్లాక మీ విక్రయ దస్తావేజు తీసి, చివర ఉండే షెడ్యూలును ముందు చదవండి. చాలామంది మొదటి పేజీలోని పేరు, ధర చూసి మూసేస్తారు, కానీ మీరు అమ్ముతున్న వస్తువు షెడ్యూలులో ఉంటుంది. అక్కడ ఇంటి నంబరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, స్థలం చదరపు గజాల్లో, కట్టడం చదరపు అడుగుల్లో, నాలుగు హద్దులు ఉంటాయి. ఫ్లాటు అయితే మొత్తం స్థలంలో మీకు దఖలుపడిన అవిభాజ్య వాటా ఎన్ని గజాలో ఉంటుంది. ముప్పై ఏళ్ల నాటి దస్తావేజులో 'తూర్పు: ఖాళీ స్థలము, పడమర: 20 అడుగుల రోడ్డు' అని ఉంటుంది. ఇవాళ తూర్పున నాలుగంతస్తుల భవనం ఉంటుంది, పడమటి రోడ్డు 30 అడుగులకు విస్తరించి మీ స్థలంలో కొంత పోయి ఉంటుంది. 200 గజాలని కొన్నది కొలిస్తే 186 గజాలే ఉండవచ్చు. ఆ 14 గజాల సంగతి మీరే ముందు కొలిపించి తెలుసుకుంటే ధర మాట్లాడేటప్పుడు నిజాయితీగా చెప్పుకోవచ్చు. కొనేవారు అడ్వాన్సు ఇచ్చాక టేపు పట్టుకుని తెలుసుకుంటే మాత్రం మీరు చెప్పే తక్కిన మాటలన్నిటినీ అనుమానిస్తారు.

హద్దులు కాలంతో మారడం తప్పు కాదు. కొత్త దస్తావేజులో ఇప్పుడున్న హద్దులను రాసి, పాత దస్తావేజు నంబరును ఉదహరిస్తే సరిపోతుంది. కానీ సర్వే నంబరో ప్లాటు నంబరో మొదటి నుంచీ తప్పుగా పడితే అది వేరే సంగతి. దాన్ని సవరణ దస్తావేజుతో సరిదిద్దుకోవాలి, ఆ సవరణ దస్తావేజుపై అప్పట్లో మీకు అమ్మినవారు సంతకం చేయాలి. ఆయన ఊరు మారి ఉంటే వెతకాలి, కాలం చేసి ఉంటే వారసులందరినీ ఒప్పించాలి. మూడు నెలల ముందుగా మొదలుపెట్టమని నేను చెప్పడానికి మొదటి కారణం ఇదే.

పేర్ల తేడాల గురించి ఇంకొక్క మాట. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు రావడం, ఒక్కో కాగితంలో పూర్తిగా, ఇంకో కాగితంలో పొడి అక్షరంగా ఉండటం, స్త్రీలకు పెళ్లి తర్వాత ఇంటిపేరు మారడం మామూలే. దస్తావేజు, ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం నాలుగూ ఒకచోట పెట్టి పేర్లను పోల్చి చూడండి. తేడా చిన్నదైతే రెండు పేర్లూ ఒక్కరివేనని ప్రమాణపత్రం సరిపోవచ్చు. కొనేవారి బ్యాంకు ఒప్పుకోదని అనిపిస్తే ఆధార్‌లోనో పాన్‌లోనో ముందే సరిచేయించుకోవడం మేలు. మీ పాన్ ఆధార్‌తో అనుసంధానమై ఉందో లేదో కూడా ఆ పూటే చూసుకోండి. దీని అవసరం పన్ను దగ్గర తెలుస్తుంది.

మీ దస్తావేజు వెనుక ఉండే గొలుసును మనం లింకు డాక్యుమెంట్లు అంటాం. మీకు అమ్మినవారికి ఆ ఆస్తి ఎలా వచ్చింది, వారికి ముందువారికి ఎలా వచ్చింది అనేది ఈ పత్రాలు చెబుతాయి. ఒక కాగితం పోయినా గొలుసు తెగిపోయిందని దిగులుపడకండి. రిజిస్టరైన పత్రమైతే దాని సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది. పోయింది మీ సొంత విక్రయ దస్తావేజు అసలు ప్రతే అయితే మాత్రం పోలీసులకు ఫిర్యాదు చేసి, వారు వెతికినా దొరకలేదన్న ధ్రువపత్రం తీసుకుని, పత్రికలో ప్రకటన ఇచ్చి, ఆ కత్తిరింపును భద్రపరచి, సర్టిఫైడ్ కాపీతో కలిపి చూపాలి. ఇది వారంలో తేలే పని కాదు.

ఇప్పుడు ఈసీ, అంటే భార ధ్రువపత్రం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి జరిగిన లావాదేవీల వివరాలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలో దొరుకుతాయి, అంతకుముందువి కావాలంటే కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. మీ ఈసీని కొనేవారికన్నా ముందు మీరు తీసుకుని, ప్రతి వరుసనూ వేలు పెట్టి చదవండి. ఎవరు ఎవరికి, ఏ తేదీన, ఏ రకమైన పత్రం రాసిచ్చారో అందులో ఉంటుంది. మీరు రాయని పత్రం ఏదైనా కనబడితే దాని నంబరు రాసుకుని నకలు తీయించండి. పక్క ప్లాటు లావాదేవీ పొరపాటున మీ నంబరు కింద పడటం నేను చూశాను. అరుదుగానే అయినా, ఒకరి స్థలాన్ని ఇంకొకరు అమ్మేసిన సందర్భాలూ చూశాను.

నా ఫ్లాటు సంగతి ఇక్కడే చెప్పాలి. దానిపై తీసుకున్న రుణం తీరిపోయింది, అసలు పత్రాలు చేతికి వచ్చాయి, అప్పు లేదన్న లేఖ బీరువాలో ఉంది. పని ముగిసిందనుకున్నాను. అమ్మే సమయంలో ఈసీ తీస్తే, హక్కు పత్రాలు బ్యాంకులో ఉంచినట్టు రిజిస్టరైన మెమోరాండం వరుస కనబడింది కానీ, దాన్ని విడుదల చేసిన వరుస కనబడలేదు. లేఖ ఇచ్చారే తప్ప విడుదల పత్రాన్ని బ్యాంకు రిజిస్టర్ చేయించలేదు, నేను అడగలేదు. ఆ శాఖ ఈలోగా ఇంకో శాఖలో కలిసిపోయింది. పాత ఫైలు వెతికించి, అధికారం ఉన్న అధికారిని సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి రప్పించేసరికి ఏడు వారాలు గడిచాయి. కొనేవారు మంచివారు కాబట్టి ఆగారు. ఇన్నేళ్లు ఇతరుల ఈసీలు చూసిన నేనే నా ఈసీ చూసుకోలేదు కనుక, మీరు తప్పక చూసుకోవాలని గట్టిగా చెబుతున్నాను. రుణం తీరినవారు నాలుగు సంగతులు సరిచూసుకోవాలి: అసలు పత్రాలు అన్నీ వచ్చాయా, అప్పు లేదన్న లేఖ ఉందా, తాకట్టు రిజిస్టరై ఉంటే దాని విడుదల కూడా రిజిస్టరైందా, కేంద్రీయ తాకట్టు రిజిస్ట్రీ అయిన సెర్సాయ్‌లో నమోదు తీసేశారా. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, తమ కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. అది ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఈ సంగతి తెలిసి అడిగినవారికి పని త్వరగా జరుగుతుంది.

సొంతంగా కొన్న ఇంటికి ఇంతవరకు చెప్పింది చాలు. నాన్నగారి నుంచి వచ్చిన ఇంటికి మాత్రం చాలదు, ఈ సభలో సగం మందికి పైగా అలాంటి ఇళ్లవారే ఉంటారని అనుకుంటున్నాను. నాన్నగారు తన సంపాదనతో కొన్న ఇల్లు, వీలునామా రాయకుండా ఆయన కాలం చేస్తే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, అప్పటికి జీవించి ఉంటే ఆయన తల్లికి సమాన వాటాలు వస్తాయి. నాయనమ్మ వాటాను చాలా కుటుంబాలు మరిచిపోతాయి. ఆమె తర్వాత ఆ వాటా ఆమె పిల్లలందరికీ, అంటే బాబాయిలకు, మేనత్తలకు కూడా వెళుతుందని, కొనేవారి వకీలు ప్రశ్నించే వరకు ఎవరికీ తట్టదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి విషయంలో ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు, పుట్టుకతో వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం కూతుళ్లందరికీ కొడుకులతో సమాన హక్కు కల్పించింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. 'పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం, చెల్లెలికి అభ్యంతరం లేదు' అన్న నోటిమాట దస్తావేజుకు పనికిరాదు. చెల్లెలు అమ్మకందార్లలో ఒకరుగా సంతకం చేయాలి, లేదా ముందుగా తన వాటాకు రిజిస్టరైన హక్కు విడుదల పత్రం రాసివ్వాలి. నన్నడిగితే మొదటిదే మేలు, ఆమె వాటా సొమ్ము ఆమె ఖాతాలోనే పడుతుంది.

వారసులెవరో చూపడానికి తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం కావాలి. వారసుల్లో మైనరు ఉంటే, ఆ బిడ్డ పేర ఉన్న వాటాను అమ్మడానికి తల్లి అయినా సరే కోర్టు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని అమ్మకాన్ని ఆ బిడ్డ పెద్దయ్యాక రద్దు చేయించుకోవచ్చు కాబట్టి తెలిసిన కొనుగోలుదారు దాని జోలికి రాడు.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కుటుంబాలు ఈ కాలనీలో తక్కువేమీ కాదు. వాటాదారు రాలేనప్పుడు ఈ ఒక్క ఇంటికే, ఈ ఒక్క పనికే పరిమితమైన ప్రత్యేక అధికారపత్రం రాసి, అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టించి చెల్లుబాటు చేయించుకోవాలి. కొరియరు కవరును పారేయకండి, చేరిన తేదీకి అదే రుజువు. అధికారపత్రం అమ్మకానికి సాధనం మాత్రమే, అదే అమ్మకం కాదు. జీపీఏ, అంటే సాధారణ అధికారపత్రం రాసిచ్చి, డబ్బు తీసుకుని, ఇల్లు అప్పగించినంత మాత్రాన హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పింది.

పురపాలక కాగితాల గురించి క్లుప్తంగానే చెబుతాను. మంజూరైన ప్లాను, ఫ్లాటు అయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ప్లానుకు మించి కట్టి క్రమబద్ధీకరించుకుంటే ఆ ఉత్తర్వు, స్థలం లేఅవుటు అనుమతి లేనిదైతే ఎల్‌ఆర్‌ఎస్ అనే లేఅవుటు క్రమబద్ధీకరణ పత్రం, ఈ ఏడాది వరకు కట్టిన ఇంటి పన్ను రసీదు, నీటి బిల్లు, కరెంటు బిల్లు, అపార్టుమెంటు సంఘం ఇచ్చే బకాయి లేదన్న లేఖ ఒక ఫైలులో ఉంచుకోండి. మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో ఉందేమో శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. ఒక్కోసారి ఒక సర్వే నంబరులో కొంత భాగం ప్రభుత్వ భూమి అయినా, మొత్తం నంబరు జాబితాలోకి ఎక్కుతుంది. అలా జరిగితే తొలగింపు కోసం కలెక్టరుకు దరఖాస్తు చేయాలి, దానికి నెలలు పడుతుంది.

ఫైలు సిద్ధమయ్యాక బోర్డు కట్టండి. చూడటానికి వచ్చిన ప్రతివారికీ నకళ్లు ఇవ్వవద్దు. ధర దగ్గర గట్టిగా నిలబడినవారికి మాత్రమే, ప్రతి పేజీపై అడ్డంగా 'పరిశీలన నిమిత్తం మాత్రమే' అని తేదీతో రాసి నకళ్లు ఇవ్వండి. అసలు పత్రాలను మీ ఎదుటే చూడనివ్వండి, రాత్రికి ఉంచుకుని ఇస్తామంటే ఇవ్వకండి. ఆధార్ నకలులో మొదటి ఎనిమిది అంకెలు కనబడని ప్రతినే వాడండి. రిజిస్టరైన పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, వాటికి నకళ్లు చేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాల్లోని డబ్బు కాజేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి. రిజిస్ట్రేషన్ ముగిసిన రోజే ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోండి.

ఇక అమ్మక ఒప్పందం. తెలంగాణలో బయానా అంటాం, కోస్తాలో అడ్వాన్సు అగ్రిమెంటు అంటారు. తెల్ల కాగితంపై రాసుకున్న నాలుగు వాక్యాలతో లక్షలు చేతులు మారడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ధర ఎంత, అడ్వాన్సు ఎంత, మిగతాది ఏ తేదీలోగా ఏ మార్గంలో ఇవ్వాలి, కొనేవారికి బ్యాంకు రుణం మంజూరు కాకపోతే అడ్వాన్సు సంగతేమిటి, ఎవరు వెనక్కి తగ్గితే ఏం జరగాలి, బకాయిలు ఎవరు కట్టాలి, మోటారు, గీజర్లు, అల్మరాలు ఇంటితో పాటు ఇస్తున్నారా లేదా, ఇవన్నీ అందులో ఉండాలి. గడువు రాయని ఒప్పందం అమ్మేవాడిని కట్టిపడేస్తుంది. గడువు తీరినా కొనేవారు ఒప్పందాన్ని అమలు చేయించమని మూడేళ్ల వరకు కోర్టుకు వెళ్లగలరు. అందువల్ల రద్దయిన ఒప్పందానికి కూడా అడ్వాన్సు తిరిగి ఇచ్చినట్టు, ఇక హక్కులేవీ లేనట్టు రాతపూర్వకంగా రద్దుపత్రం తీసుకోవాలి.

ఒప్పందంలో ఒక్క మాటను ప్రత్యేకంగా వెతకండి. 'స్వాధీనపరచితిని' అన్న మాట అందులో ఉంటే, మన రాష్ట్రాల్లో ఆ ఒప్పందంపై విక్రయ దస్తావేజుకు కట్టినట్టే స్టాంపు సుంకం పడుతుంది, పైగా ఇల్లు మీ చేయి దాటిపోతుంది. పాత నమూనాలను చూసి టైపు చేసేవారు ఆలోచించకుండా ఆ వాక్యాన్ని ఉంచేస్తారు. తాళాలు ఇవ్వడం రిజిస్ట్రేషన్ రోజునే, పూర్తి సొమ్ము చేరాకే జరగాలి.

సొమ్ము నగదుగా తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. అది అడ్వాన్సు అయినా, బేరం రద్దయినా ఇదే వర్తిస్తుంది. తీసుకుంటే అంతే మొత్తం జరిమానాగా పడవచ్చు. కొంత తెల్లగా, కొంత నల్లగా తీసుకుని దస్తావేజులో తక్కువ ధర రాద్దామని కొనేవారు అడిగితే ఒప్పుకోకండి. స్టాంపు సుంకంలో మిగులు వారిది, ఆదాయపు పన్ను విచారణ, జరిమానా, రేపు ఏదైనా వివాదం వస్తే నిజమైన ధరను నిరూపించలేని నిస్సహాయత మీవి. రాసిన ధర కన్నా స్టాంపు సుంకం కోసం ప్రభుత్వం నిర్ణయించే మార్కెట్ విలువ 10 శాతానికి మించి ఎక్కువగా ఉంటే, పన్ను లెక్కలో ఆ మార్కెట్ విలువనే మీ అమ్మకం ధరగా తీసుకుంటారు.

ధరగాని, ప్రభుత్వ విలువగాని 50 లక్షల రూపాయలు, ఆపైన ఉంటే కొనేవారు అందులో 1 శాతం కోసి మీ పాన్ పేర ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. ఇది కొనేవారు చేయాల్సిన పనే అయినా, మీ పాన్ చెల్లుబాటులో లేకపోతే కోత 20 శాతానికి పెరుగుతుంది. ఇందాక పాన్‌ను చూసుకోమన్నది ఇందుకే. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే లెక్క పూర్తిగా వేరు. అక్కడ 1 శాతం కాదు, మూలధన లాభం పన్ను రేటే కోయాలి. ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత ధ్రువపత్రం తెచ్చుకోకపోతే కొనేవారు భయపడి మొత్తం ధర మీద కోసేస్తారు, దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి రిటర్ను వేసి ఎదురుచూడాలి.

మీ లాభం మీద పన్ను సంగతి రెండు మాటల్లో చెబుతాను, మిగతాది మీ ఆడిటరును అడగండి. రెండేళ్లకు మించి మీ దగ్గరున్న ఇంటిపై లాభానికి 12.5 శాతం పన్ను. 2024 జులై 23కు ముందు కొన్నదైతే, ఇక్కడ నివసించే వ్యక్తులు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసుకుని, రెండింటిలో తక్కువది కట్టవచ్చు. ఇంటికి పెట్టిన ఖర్చుల రసీదులు, ఇరవై ఏళ్ల నాటి అదనపు గది బిల్లులతో సహా, ఆ రోజు విలువైన కాగితాలవుతాయి. ఇంకో ఇల్లు రెండేళ్లలో కొన్నా, మూడేళ్లలో కట్టినా మినహాయింపు ఉంది.

చివరిగా రిజిస్ట్రేషన్ రోజు. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ మొత్తం 7.5 శాతం. ఆ ఖర్చు కొనేవారే పెట్టుకోవడం ఆచారం, ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప చట్టమూ దాన్ని వారిమీదే ఉంచుతుంది. దస్తావేజును వారి తరఫున ఎవరు రాయించినా, చిత్తుప్రతి మూడు రోజుల ముందే తెప్పించుకుని మీ పాత షెడ్యూలుతో పక్కపక్కన పెట్టి, ఒకరు పైకి చదువుతుండగా ఇంకొకరు సరిచూడండి. నడవలేని పెద్దవారు ఉంటే ముందుగా దరఖాస్తు పెట్టి రుసుము కడితే అధికారి ఇంటికే వచ్చి సంతకం, వేలిముద్ర తీసుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో 1908 నుంచే ఉంది. వీల్‌చెయిరులో మెట్లపై మోసుకొచ్చిన పెద్దలను చూసినప్పుడల్లా, ఈ ఒక్క మాట వారికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని బాధపడేవాణ్ణి.

చిత్తుప్రతిలో మీరు నిలబడి చదవాల్సిన వాక్యం ఇది: 'పూర్తి పైకము నాకు ముట్టినది, ఇక రావలసినది ఏమియు లేదు.' దీనిపై సంతకం చేసి రిజిస్టరైతే, సొమ్ము నిజంగా రాకపోయినా యాజమాన్యం వెళ్లిపోతుంది. మిగిలిన సొమ్ము కోసం దావా వేయవచ్చు, ఆ ఇంటిపై ఆ మేరకు భారం ఉంటుంది, కానీ సొమ్ము ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఇల్లు తిరిగి రావడం చాలా కష్టం. కాబట్టి ఆ వాక్యం కింద ప్రతి చెల్లింపునూ తేదీ, మొత్తం, బ్యాంకు, లావాదేవీ నంబరుతో విడివిడిగా రాయించండి. బ్యాంకు డ్రాఫ్టు ఉంటే దాని మీద మీ పేరు, మొత్తం సరిచూసి, ఆ నంబరు దస్తావేజులో పడిందో లేదో చూసి, డ్రాఫ్టు మీ చేతికి వచ్చాకే సంతకం పెట్టండి. తర్వాత తేదీ వేసిన చెక్కులను చివరి విడతకు ఒప్పుకోవద్దు. అధికారి 'మీరే అమ్ముతున్నారా, డబ్బు ముట్టిందా' అని అడుగుతారు. ఆ ప్రశ్నను తంతుగా భావించి తల ఊపేవారిని వేలమందిని చూశాను. అది మీ కోసం అడిగే ప్రశ్న. ముట్టకపోతే ముట్టలేదని అక్కడే చెప్పండి, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

సంతకాలు అయ్యాక అసలు దస్తావేజును, లింకు పత్రాలను జాబితా రాసి, కొనేవారి సంతకం తీసుకుని అప్పగించండి. కొత్త దస్తావేజు సర్టిఫైడ్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, పన్ను రిటర్నుకు కావాలి. ఇంటి పన్ను పేరు మార్పు చాలా పట్టణాల్లో రిజిస్ట్రేషన్‌తో పాటే జరుగుతున్నా, నెల తర్వాత ఒకసారి వెబ్‌సైట్‌లో చూసుకోండి. కరెంటు, నీటి కనెక్షన్లు వాటంతట అవి మారవు. తాళాలు ఇచ్చే రోజున మీటరు దగ్గర కొనేవారిని నిలబెట్టి, రీడింగును ఫోటో తీసి, ఆ అంకెను అప్పగింత జాబితా అడుగున రాసి, ఇద్దరూ సంతకాలు చేయండి.